రేడియో ఆగిన ఆదివారం

రేడియో స్టేషన్,
మేడ మీది గది.

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావేమో. ఫోన్‌లో నువ్వు "ఊ", "ఆ" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. పొద్దస్తమానం మైకు ముందు వాగి వాగి ఇంటికొచ్చాక నీ ఊకొట్టుడు వినే ఓపిక నాకు లేదు. కాగితం మీదైతే పాపం నాలుగు వాక్యాలైనా రాస్తావు. చిన్నప్పటి నుంచీ అంతేగా నువ్వు.

విషయానికొస్తాను. మా స్టేషన్ మూసేస్తారట. మీ ఆఫీసు నుంచే కాగితం వచ్చింది. డైరెక్టరుగారు అందర్నీ తన గదిలోకి పిలిచి, కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, చివరికి ఆ కాగితం నా చేతిలో పెట్టి "నువ్వు చదువమ్మా, నీకు అలవాటే కదా" అన్నారు. వార్తలు చదివినట్టే చదివేశాను. చిన్న స్టేషన్లకి వినేవాళ్ళు తగ్గిపోయారట. త్వరలో లెక్క తీస్తారట. లెక్క బాగోలేని చోట స్టేషన్ ఎత్తేసి, అన్ని ఊళ్ళకీ కేంద్రం నుంచే ఒకే కార్యక్రమాలు వదులుతారట. ఎక్కడా తడబడలేదురా. చివర్లో "వార్తలు సమాప్తం" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఎవ్వరూ నవ్వలేదు.

నాకు అర్థం కానిది ఒక్కటే. కేంద్రం నుంచి వచ్చే ఆ గొంతు మా ఊళ్ళో ఆదివారం ఎక్కడ ఏం జరుగుతుందో చెబుతుందా? శనివారం సాయంత్రం నా అరగంట, అదే, "రేపెక్కడికి?" కార్యక్రమం, దాని కోసం జనం ఈ మెట్లెక్కి వస్తారు. బస్సు డిపో మెకానిక్కులు నాటకం వేస్తున్నారనీ, పార్కు షెడ్డులో చదరంగం పోటీ ఉందనీ, సెలూన్లో కత్తెరలు పక్కన పెట్టి పాటకచేరీ పెడుతున్నారనీ చెప్పించుకుపోతారు. ఆదివారం నేనూ మీ బావా అన్నిటికీ హాజరు. మొన్న డిపో వాళ్ళ నాటకంలో రాజుగారు చేతికి గ్రీజుతోనే సింహాసనం ఎక్కి మంత్రి చొక్కా ఖరాబు చేశాడు. నవ్వలేక చచ్చాం. మీ బావ ఎప్పట్లాగే చదరంగంలో చిత్తుగా ఓడి, గెలిచినవాడికి టీ ఇప్పించి వచ్చారు.

నువ్వు ఆ ఆఫీసులోనే, ఆ లెక్కల విభాగంలోనే కూర్చుంటావు. ఏదో ఒకటి చెప్పరా. మమ్మల్ని ఉంచుతారా, ఊడగొడతారా?

మీ అక్క


ఇల్లు,
వంటగది బల్ల.

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం కులాసా. మీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది. పిల్లలు అత్తయ్య ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. బావగారి మోకాలు ఎలా ఉంది?

స్టేషన్ సంగతి. నేను లెక్కపెట్టేవాణ్ణి మాత్రమే, నిర్ణయం నాది కాదు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు, ఇది నిజం. లెక్క ఎప్పుడు తీస్తారో, ఎలా తీస్తారో మాత్రం ఏ స్టేషన్‌కీ చెప్పకూడదు. ముందే తెలిస్తే ఆ రోజుకి ప్రత్యేకంగా ఏదో ఒకటి పెట్టి జనాన్ని పోగేస్తారని పైవాళ్ళ భయం. కాబట్టి నన్ను అడగొద్దు. అడిగితే నేను ఇబ్బంది పడతాను.

ఒక్క మాట చెప్పగలను. మీరు రోజూ చేసే పని రోజూలాగే చెయ్యండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

తమ్ముడు


రేడియో స్టేషన్,
క్యాంటీన్ మూల బల్ల.

తమ్ముడూ,

"ఇబ్బంది పడతాను" అట! మహానుభావా, నిన్ను ఇబ్బంది పెట్టను లే. ఆఫీసు రహస్యాలు నీ కడుపులోనే ఉంచుకో.

మేం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోం. నిన్న అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. డైరెక్టరుగారు పైవాళ్ళకి విన్నపం పంపుదామన్నారు. విన్నపాలు పంపీ పంపీ ఆయన చెయ్యి అరిగిపోయింది, ఒక్కదానికైనా జవాబొచ్చిందా? ఊరేగింపు అన్నారు ఇంకొకరు. మొత్తం మా స్టాఫ్ అంతా నడిస్తే ఒక ఆటోకి సరిపోతాం.

అప్పుడు నాకు తట్టింది. నీకు గుర్తుందా, నువ్వు కాలేజీలో ఉండగా నన్ను చూడ్డానికి స్టూడియోకి వచ్చావు, పాట మధ్యలో టేపు తెగింది. మా వైర్ల బాబాయి పరుగెత్తుకొచ్చి అతికించేలోపు ఫోన్లు మోగిపోయాయి. "ఏమైందమ్మా, బాగానే ఉన్నారా" అని ఒకావిడైతే ఏడ్చినంత పని చేసింది. రేడియోవాళ్ళకి నిశ్శబ్దమంటే చావు భయం. మాకు ఉద్యోగంలో చేరగానే నేర్పే మొదటి పాఠం అదే, ఏదైనా వాగు గానీ ఆగొద్దు అని. ఆ భయాన్నే వాడదాం అన్నాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిని తీరిగ్గా రేడియో పెట్టుకునే నా శ్రోతల గంటలో, మైకు ఆపేస్తాం. మాటా పాటా ఏమీ ఉండదు. గంటసేపు ఊరు మేం లేకపోతే ఎలా ఉంటుందో రుచి చూస్తుంది. ఫోన్లు మోగుతాయి, జనం మెట్లెక్కి వస్తారు, పేపర్లవాళ్ళు వస్తారు. ముందే చెబితే మజా ఏముంది, అందుకని ఎవరికీ చెప్పడం లేదు. డైరెక్టరుగారు మొదట గుండె పట్టుకున్నారు. తర్వాత "పోయేదేముందిలే" అన్నారు.

వైర్ల బాబాయి ఒక్కడే ఒప్పుకోలేదు. "చేతులారా ఆపమంటే నా వల్ల కాదు, ఆ స్విచ్ మీరే నొక్కండి" అని బయటికెళ్ళిపోయాడు. నేనే నొక్కుతాను.

ఎలా ఉంది మీ అక్క బుర్ర? మెచ్చుకుంటూ వెంటనే రాయి.

అక్క


ఇల్లు.

అక్కా,

ఆదివారం వద్దు. ఆ గంట అసలే వద్దు. అంతగా చెయ్యాలనుంటే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. కారణం అడక్కు. దయచేసి నా మాట విను.

తమ్ముడు


రేడియో స్టేషన్,
ఒకటో నంబరు స్టూడియో.

తమ్ముడూ,

అయిపోయింది. నువ్వు వద్దన్నా చేశాం. ఉత్తరం రాసింది చాలక శనివారం ఫోన్ చేసి మళ్ళీ అదే పాట పాడావు. "ఎందుకురా?" అంటే "ఊ". "ఏమైనా తెలుసా?" అంటే మళ్ళీ "ఊ". ఒళ్ళు మండి పెట్టేశాను. మంగళవారం మధ్యాహ్నం మేం ఆగితే ఎవడికి కావాలిరా? అందరూ పనుల్లో ఉంటారు. ఏదైనా ఆదివారమేగా!

ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం.

స్విచ్ నేనే నొక్కాను. ఎర్ర లైటు ఆరిపోయింది. ఇన్నేళ్ళలో కార్యక్రమం మధ్యలో ఆ లైటు ఆరడం నేను చూడలేదు. తర్వాత అందరం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూశాం. డైరెక్టరుగారు పేపర్లవాళ్ళతో ఏం చెప్పాలో పెదాల్లోనే వల్లెవేసుకుంటున్నారు. ఫోన్ మోగలేదు. పాడైందేమోనని తీసి చూశాం, బాగానే ఉంది. ఒక్కసారి మోగింది. అందరం ఒకేసారి లేచాం. "మందుల షాపేనాండీ?" అని అడిగారు ఎవరో. మెట్ల మీద చప్పుడైతే చూశాను. మీ బావ. నేను టిఫిన్ డబ్బా మర్చిపోయానని తెచ్చారు.

గంటయ్యాక స్విచ్ వేశాను. నమస్కారం చెప్పి పాట పెట్టాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది. సాయంత్రం చదరంగం దగ్గరికి కూడా వెళ్ళలేదు, ముఖం చెల్లలేదు నాకు.

ఇప్పుడు అసలు సంగతి విను. సోమవారం పొద్దున్నే మార్కెట్టు వీధిలో రేడియోలు బాగుచేసే ఆయన కొట్టు ముందు జనం. చంకలో రేడియో పెట్టుకుని ముసలీ ముతకా వరసలో ఉన్నారు. నన్ను చూసి ఆయన ఒకటే సంబరం. "ఏంటోనమ్మా, ఊళ్ళో రేడియోలన్నీ ఒకేసారి పాడయ్యాయి! విప్పి చూస్తే ఒక్కదానికీ ఏమీ లేదు!" అన్నాడు. ఒకావిడ రేడియోని చంటిపిల్లలా పట్టుకుని ఉంది. "నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి పలకడం మానేసింది, నాలుగు కొట్టి చూశాను, బ్యాటరీలు మార్చాను, పలకలేదు, కట్టేసి పొద్దున్నే తెచ్చాను" అంది. "మేమే ఆపామండీ" అన్నాను. ఆవిడ నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మీరెందుకు ఆపుతారమ్మా? మీరు ఆగరుగా" అంది.

ఏం చెప్పనురా? మేం ఆగిపోయామని ఒక్కరికీ అనుమానం రాలేదు. తమ రేడియోనే చెడిపోయిందనుకున్నారు. ఆ వీధిలో నిలబడి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. మీ లెక్కవాళ్ళు వెనకటిలాగా ఇంటింటికీ తిరుగుతారు కదా, ఈ ఊళ్ళో మమ్మల్ని ఎంత నమ్ముతారో వాళ్ళే చూస్తారు. ఏమంటావ్?

అక్క


ఇల్లు,
వంటగది బల్ల.

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను.

ఈసారి లెక్కవాళ్ళు ఇంటింటికీ తిరగరు. ఫోన్లు చేస్తారు. చేసేశారు. మీ ఊరికి చేసింది ఆ ఆదివారం, ఆ గంటలోనే. "ఇప్పుడు మీ ఇంట్లో రేడియో మోగుతోందా? ఏ స్టేషన్?" అంతే ప్రశ్న. ఒక్కో ఊరికి ఒక్కో గంట. ఏ ఊరికి ఏ గంట అన్నది నిర్ణయించింది మా విభాగం. మీ ఊరికి నిర్ణయించింది నేను.

నీ గంట అని కావాలనే పెట్టాను అక్కా. మీ స్టేషన్‌కి అంతకంటే మంచి గంట లేదు. పొద్దున పెడితే సగం కూడా రాదు. ఎవరికీ తెలియకుండా మా అక్కకి ఇంత మేలు చేశానని లోలోపల పొంగిపోయాను. మీ మరదలికి కూడా చెప్పలేదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. గంట మార్చమని అడిగితే ఎందుకని అడుగుతారు. నీకు చెబితే సొంత అక్క కోసం రహస్యం బయటపెట్టినవాణ్ణవుతాను. ఈ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క అంకె అటూ ఇటూ చెయ్యలేదు నేను. "ఆదివారం వద్దు" అంటే చాలు, నువ్వే అర్థం చేసుకుంటావనుకున్నాను. శనివారం ఫోన్ పట్టుకుని ఆ ఒక్క మాట అందామని నోరు తెరిచాను. "ఊ" అనే వచ్చింది. నీకు తెలుసుగా నా సంగతి.

జవాబులన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. "మోగడం లేదు", "మోగడం లేదు", "మోగడం లేదు". ఫోన్ చేసిన అమ్మాయిని అడిగాను, ఇంకేమైనా అన్నారా అని. "చాలామంది రేడియో పాడైందండీ, రేపు బాగుచేయించాలి అన్నారు సార్. కానీ అది రాయడానికి గడి లేదు" అంది. పైవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆ గంటలో స్టేషనే ఆగి ఉంది, ఆ ఊరికి మళ్ళీ చెయ్యాలన్నాను. "స్టేషన్ వాళ్ళే కావాలని ఆపేస్తే మనమేం చేస్తాం? పైగా అది క్రమశిక్షణ లేకపోవడం" అన్నారు. అక్కడ మీ అక్క ఉంటుంది కదా అని కూడా అన్నారు. కాగితాలు తీసుకుని వచ్చేశాను.

మీ అంత చిన్న స్టేషన్లు ఇంకొన్ని ఉన్నాయి. వాళ్ళు ఏమీ చెయ్యలేదు, ఎప్పట్లాగే పాటలు వేసుకున్నారు. వాటిని ఉంచుతున్నారు.

ఏమని రాయను? నన్ను ఎన్ని మాటలన్నా అను.

తమ్ముడు


రేడియో స్టేషన్.

తిట్టడానికి కూడా మనసు రావడం లేదు నాకు.

ఒక్క మాట. ఒకే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నీ అంకెలు శుభ్రంగా ఉన్నాయి కదా, వాటిని చూసుకుని బతుకు. మంచి చేశాననుకుని చేసేటప్పుడు కూడా అక్కకి ఒక ముక్క చెప్పాలనిపించలేదు నీకు. నేనేమో ఊరందరికీ అన్నీ చెప్పే మనిషిని, నా ఇంట్లోవాడి కడుపులో ఏముందో నాకు తెలియలేదు.

వైర్ల బాబాయికి ఈ సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నువ్వు నా తమ్ముడివని ఇక్కడ అందరికీ తెలుసు.

ఉత్తరాలు రాయకు.


ఇల్లు.

అక్కా,

రాయొద్దన్నావు. ఇది చించి పారేసినా సరే.

మీ ఆఖరి రోజు, ఆ శనివారం, నేను మీ ఊళ్ళోనే ఉన్నాను. మీ మరదలికి ఆఫీసు పని అని చెప్పి బస్సెక్కాను. మీ గేటు దాకా వచ్చాను. పైన కిటికీలో బావగారు కుర్చీలు మడిచి పెడుతూ కనిపించారు. లోపలికి రాలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చున్నాను. అక్కడ రేడియో పెట్టారు.

నువ్వు ఏడుస్తావనుకున్నాను. ఏడవలేదు. రేపు డిపో వాళ్ళ నాటకం ఉంది, కొత్త రాజుగారు, చేతులు కడుక్కుని వస్తారని హామీ ఇచ్చారు అన్నావు. కొట్లో అందరూ నవ్వారు. పార్కులో చదరంగం, బడి గోడ మీద సినిమా, సెలూన్లో కచేరీ, ఒక్కొక్కటే ఎప్పట్లాగే చెప్పావు. ఎక్కడ, ఎన్నింటికి, పిల్లల్ని తీసుకురావచ్చో లేదో అన్నీ చెప్పావు. తర్వాత, "వచ్చే వారం ఎక్కడికి వెళ్ళాలో మీరే ఒకరినొకరు అడిగి తెలుసుకోండి. నమస్కారం" అన్నావు. కాసేపు గరగరమంది. తర్వాత కేంద్రం గొంతు వచ్చింది. టీ కొట్టాయన లేచి రేడియో తీసుకుని బల్లకేసి కొట్టాడు. "మళ్ళీ పాడైనట్టుంది" అన్నాడు.

పాడవ్వలేదని నేను చెప్పాలి. చెప్పలేకపోయాను అక్కా. టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

ఆ పాత విభాగం నుంచి మార్పించుకున్నాను. ఇప్పుడు లెక్కపెట్టే పని చెయ్యడం లేదు. దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

తమ్ముడు


ఇల్లు,
ముందు గది.

తమ్ముడూ,

వానలు మొదలై, వెలిసి, మళ్ళీ ఎండలు వచ్చాక రాస్తున్నాను. నీ ఉత్తరం చించలేదు. చించుదామనే తీశాను. మీ బావ లాక్కుని పైన పెట్టేశారు.

వైర్ల బాబాయి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. డైరెక్టరుగారు రోజూ పొద్దున షేవింగ్ చేసుకుని, ఎటు వెళ్ళాలో తెలియక పార్కుకి వెళ్ళి కూర్చుంటున్నారు. మీ బావతో చదరంగం ఆడతారు. మీ బావ గెలుస్తున్నారు. ఆయనకే నచ్చడం లేదు, "గెలిచి ఏం లాభం, ఇద్దరమేగా మిగిలింది" అంటారు. డిపో వాళ్ళు నాటకం ఆపేశారు. మూడు ఆదివారాలు ఖాళీ కుర్చీలకి వేశారు. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ వద్దనలేదు. ఊరికే ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే. జనం బజారులో నన్ను ఆపి, "ఏమ్మా, ఈ మధ్య ఊళ్ళో ఏమీ జరగడం లేదేం?" అని అడుగుతున్నారు. జరిగేవి జరుగుతున్నాయండీ అంటే, "మరి మాకు తెలియలేదే" అంటారు. తప్పు నాదే అన్నట్టు.

శనివారం సాయంత్రం అయ్యేసరికి నాకు ఇంట్లో ఉండబుద్ధి కాదు. గొంతు దురద పెడుతుంది. వంటింట్లో గిన్నెలకి నమస్కారం చెప్పానని మీ బావ ఏడిపిస్తారు.

మొన్న మందుల షాపులో ఒక మాట చెవిన పడింది. ఆసుపత్రిలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ లైబ్రరీ వరండాలో ప్రతి శనివారం పిల్లలకి కథలు చెబుతోందట. నెల రోజులుగా చెబుతోందట. నాకు తెలియదు! నాకే తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు? పరుగున వెళ్ళాను. చాపలు చాలా వేసి ఉన్నాయి. ఉన్నది ఇద్దరు పిల్లలూ, ఒక ముసలాయనా. ఆయన కథ కోసం కాదు, నీడ కోసం వచ్చాడు. నర్సమ్మ మాత్రం వరండా నిండా జనం ఉన్నట్టే గొంతెత్తి, చేతులు తిప్పుతూ, రాక్షసుడి గొంతు ఒకటి, చీమ గొంతు ఒకటి పెట్టి చెప్పింది. ఎంత బాగా చెప్పిందిరా! స్టేషన్ ఉండి ఉంటే ఆవిణ్ణి మర్నాడే స్టూడియోలో కూర్చోబెట్టేదాన్ని. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే" అంది. నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. నాకూ "ఊ" అనే వచ్చింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, చచ్చినోడా.

నా కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. పైకి ఒకటీ లోపల ఒకటీ పెట్టుకోవడం నాకు చేతకాదు కాబట్టి చెప్పేస్తున్నాను.

అయినా శనివారం రా. మరదలినీ పిల్లల్నీ తీసుకురా. ఆ వరండాలో మనమంతా కూర్చుంటే కనీసం ఆ మొదటి చాప నిండుతుంది.

అక్క